స్టెంటుకు ముందు జరిగే పని



యాంజియోగ్రామ్ అయ్యాక బయట కూర్చున్న బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో వస్తాయి. ఎన్ని బ్లాకులున్నాయి డాక్టరుగారూ? ఎంత శాతం? స్టెంట్లు ఎన్ని పడతాయి? ఏ కంపెనీవి వేస్తారు? అన్నీ అడగాల్సినవే. కానీ ఆ బ్లాకు మెత్తగా ఉందా, గట్టిపడిపోయిందా అని అడిగేవాళ్ళు మాత్రం చాలా అరుదు. నన్నడిగితే ముందు తెలుసుకోవలసింది అదే. తొంభై శాతం పూడిక మెత్తటిదైతే ఒక్క బెలూనుతో నిమిషాల్లో తెరుచుకోవచ్చు. డెబ్భై శాతమే ఉన్నా చుట్టూ క్యాల్షియం కట్టిందంటే ఆ మధ్యాహ్నమంతా దానికే సరిపోవచ్చు.

ఈ క్యాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది? గుండెకు రక్తం అందించే కరొనరీ ధమనులు పెద్దవి కూడా మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. వాటి గోడలో మొదట కొవ్వు చేరుతుంది. అక్కడ ఏళ్ళ తరబడి వాపు రగులుతూ ఉంటే, గోడలోని కొన్ని కణాలు తమ మామూలు పని వదిలేసి ఎముకను కట్టే కణాల్లా నడుచుకోవడం మొదలుపెడతాయి. రక్తంలో ఎప్పుడూ ఉండే క్యాల్షియం, ఫాస్ఫేటు అక్కడ స్ఫటికాలుగా దిగుతాయి. ఎముకలో ఉండే హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజమే ఇక్కడా తయారవుతుంది. అంటే ధమని గోడలో కొంత భాగం ఎముకగా మారుతోందని చెప్పినా పెద్ద అతిశయోక్తి కాదు.

ఈ మాట చెప్పగానే పాలు మానేయమంటారా అని అడుగుతారు. కిళ్ళీలో వేసుకునే సున్నమే పోయి గుండెకు పట్టుకుందేమోనని దిగులుపడే పెద్దవాళ్ళూ ఉన్నారు. పాలు మానక్కర్లేదు. కిళ్ళీ సున్నం గుండె నాళాలకు పోయి అంటుకోదు. కిళ్ళీలోని పొగాకు చేసే చెరుపు ఉంది, దాని సంగతి వేరే. గోడలు గట్టిపడటానికి అసలు కారణాలు వయసు, షుగరు, బీపీ, పొగతాగడం, వీటన్నిటినీ మించి మూత్రపిండాల జబ్బు. కిడ్నీలు ఫాస్ఫేటును బయటికి పంపలేకపోతే అది రక్తంలో నిలిచిపోతుంది, నాళాల గోడలు త్వరగా గట్టిపడతాయి. డయాలిసిస్ చేయించుకునేవాళ్ళలో నలభై ఏళ్ళకే డెబ్భై ఏళ్ళవాళ్ళ ధమనులు కనిపించడం మాకు కొత్త కాదు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. సీటీ స్కాన్‌లో క్యాల్షియం స్కోరు చూపిస్తారు. 1990లో ఆర్థర్ అగాట్స్టన్ అనే అమెరికా వైద్యుడూ ఆయన సహచరులూ ఈ లెక్కను ప్రచురించారు కాబట్టి దానికి ఆయన పేరే నిలిచింది. సున్నా వస్తే మంచిది, నాలుగు వందలు దాటితే ఎక్కువ ఉన్నట్టు. కొలెస్ట్రాల్‌కు ఇచ్చే స్టాటిన్ మాత్రలు వాడేవాళ్ళలో ఈ స్కోరు కొంచెం పెరగడం కూడా ఉంది, ఎందుకంటే చితికిపోయే స్వభావమున్న మెత్తటి కొవ్వు గట్టిపడి కుదురుకుంటుంది. అది చూసి మాత్రలు పనిచేయలేదని మానేస్తారు కొందరు. అలా చేయకండి. ఆ మాత్ర ఆపుతున్నది గుండెపోటును.

సరే, ఇప్పుడు స్టెంటు సంగతికి వద్దాం. 1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రున్‌ట్జిగ్ అనే ముప్ఫై ఎనిమిదేళ్ళ వైద్యుడు, మెలకువగా ఉన్న రోగి గుండె ధమనిలో బెలూను ఊది పూడిక తెరిచాడు. ఆ బెలూన్లను ఆయన తన ఇంటి వంటగదిలో కూర్చుని తయారుచేసుకునేవాడు. ఈ చికిత్సకు ఆయన తగినవిగా ఎంచుకున్నవి పొట్టిగా ఉండి, క్యాల్షియం పట్టని పూడికలు. గట్టిపడినవి తన బెలూనుకు లొంగవని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. స్టెంటు 1986లో వచ్చింది, ఫ్రాన్సులో ఒకరు, స్విట్జర్లాండులో ఒకరు దాన్ని మనుషుల్లో వేశారు. మందు పూసిన స్టెంట్లు ఆ తర్వాతవి. ఇంత పురోగతి వచ్చినా గ్రున్‌ట్జిగ్ పక్కన పెట్టిన ఆ కష్టం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఎందుకో చెబుతాను. స్టెంటు అంటే సన్నని లోహపు జాలీ. బెలూనుమీద ముడుచుకుని లోపలికి వెళుతుంది, బెలూను ఊదితే విచ్చుకుంటుంది, ఆ తర్వాత ధమనిని తెరిచి పట్టుకుంటుంది. అది చేసే పని పట్టుకోవడమే, తెరవడం కాదు. ధమని చుట్టూ క్యాల్షియం వలయం కట్టి ఉంటే బెలూను అటూ ఇటూ ఉబ్బుతుంది కానీ నడుం దగ్గర నొక్కుకుపోయే ఉంటుంది. గట్టి బెలూన్లను ఇరవై అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాకా ఊదవచ్చు. ముప్ఫై అయిదు దాకా తట్టుకునే ప్రత్యేకమైనవీ వచ్చాయి. అయినా వలయం లొంగకపోతే ఆ బలమంతా గోడలో మెత్తగా ఉన్న పక్కకు పోతుంది. అక్కడ ధమని చిరిగితే ప్రమాదం. అలాగని స్టెంటును సగం విచ్చుకున్నట్టు వదిలేస్తే, మున్ముందు రక్తం గడ్డకట్టో, కణజాలం పెరిగో ఆ సగమూ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. పూర్తిగా విచ్చుకోని స్టెంటును మళ్ళీ బయటికి తీయడమంటూ ఉండదు. అందుకే ఈ రోగుల్లో స్టెంటు ఏ కంపెనీది అన్నదానికన్నా, దానికి చోటు ఎలా చేశారన్నది ఎక్కువ ముఖ్యం.

చోటు చేయాలంటే ముందు చూడగలగాలి. మామూలు యాంజియోగ్రామ్ రంగు మందు పారే దారిని చూపిస్తుంది, గోడను కాదు. ఎక్స్‌రేలో క్యాల్షియం ఉందని గీతల్లా కనిపించవచ్చు, కానీ అది ఎంత మందం, చుట్టూ ఎంతవరకు పట్టిందన్నది తేలదు. కొన్నిసార్లు అసలు కనిపించదు. అందుకని ధమనిలోకే సన్నని గొట్టం పంపి చూస్తాం. ధ్వనితో చూసేదాన్ని ఐవస్ అంటాం, కాంతితో చూసేదాన్ని ఓసీటీ అంటాం. క్యాల్షియం తగలగానే ధ్వని వెనక్కి తిరిగి వచ్చేస్తుంది, దాని వెనక ఏముందో నల్లగా నీడ పడిపోతుంది. కాంతి మాత్రం క్యాల్షియంలోకి దిగుతుంది కాబట్టి మందం కూడా కొలవవచ్చు. వలయం సగం చుట్టు దాటి, అర మిల్లీమీటరుకు మించి మందముండి, అయిదు మిల్లీమీటర్లకు మించి పొడవుంటే స్టెంటు సరిగా విచ్చుకోకపోవడానికి అవకాశం ఎక్కువని ఓసీటీ కొలతలు చెబుతున్నాయి. ఈ మూడూ కలిసినచోట ముందు క్యాల్షియాన్ని లొంగదీయకుండా స్టెంటు వేయడం నా దృష్టిలో తొందరపాటే.

లొంగదీయడానికి పాత సాధనం రోటా. పూర్తి పేరు రోటాబ్లేటర్. అమెరికాలోని సియాటిల్‌కు చెందిన ఇంజనీరు డేవిడ్ ఆత్ దీన్ని రూపొందించాడు. 1980ల చివర్లో గుండె ధమనుల్లో వాడటం మొదలైంది, 1993లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. చివర ఒక గోళీ ఉంటుంది, గుడ్డు ఆకారంలో, ఇత్తడిది, మీద నికెల్ పూత. ముందు సగానికి మాత్రం కంటికి కనిపించనంత సన్నని వజ్రపు పలుకులు పొదిగి ఉంటాయి. అతి చిన్నది ఒకటింబావు మిల్లీమీటరు. చాలా సన్నని తీగ మీదుగా ఇది ధమనిలోకి వెళ్ళి, నిమిషానికి లక్షా నలభై వేల నుంచి లక్షా ఎనభై వేల చుట్లు తిరుగుతుంది. తిప్పేది ఒత్తిడి పట్టిన గాలి లేదా నైట్రోజన్. మోటారు బయటే ఉంటుంది.

ఇంత వేగంతో తిరిగే వజ్రాలు ధమనిని కోసేయవా? ఇదే అందరికీ వచ్చే సందేహం. గోటిని ఆకురాయితో అరగదీసేటప్పుడు గోరు పొడిగా రాలుతుంది, పక్కనే ఉన్న వేలి కండ మెత్తగా తప్పుకుంటుంది కదా, ఇక్కడా దాదాపు అదే సూత్రం. సాగే గుణమున్న మెత్తటి గోడ పక్కకు ఒదిగిపోతుంది, ఒదగలేని గట్టి క్యాల్షియం అరుగుతుంది. ఆ రాలిన పొడి చాలామటుకు ఎర్ర రక్తకణం కన్నా చిన్నదిగా ఉంటుంది. సన్నని కేశనాళికల్లోంచి జారిపోతుంది, కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు దాన్ని శుభ్రం చేసుకుంటాయి.

స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబులో రోటా నడిచేటప్పుడు మా కళ్ళు తెరమీద ఉంటాయి, చెవులు మోటారు మీద ఉంటాయి. ఈల వేసినట్టు సన్నగా, ఒకే శ్రుతిలో వినిపించాలి. శ్రుతి దిగిందంటే గోళీ ఎక్కడో బలంగా తగులుతోందని, మనం ఎక్కువగా తోస్తున్నామని అర్థం. మీటరులో అయిదు వేల చుట్లకు మించి వేగం పడిపోకూడదు. పడితే వేడి పుడుతుంది, పొడి పెద్ద ముక్కలుగా రాలుతుంది. అందుకని పిట్ట పొడిచినట్టు మెల్లగా ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు. ఒక్కో దఫా ఇరవై సెకన్లకు మించదు. మధ్యలో రక్తాన్ని పారనిచ్చి, రోగి ఈసీజీ చూసి, మళ్ళీ మొదలుపెడతాం. రోగి ఇదంతా మెలకువగా వింటూనే ఉంటారు, ఎందుకంటే చేతి మణికట్టు దగ్గరో, గజ్జల దగ్గరో మత్తు సూది వేస్తాం తప్ప మొత్తం మత్తు ఇవ్వం. ఆ శబ్దం గురించి ముందుగా చెప్పకపోతే భయపడతారు. చెబితే చాలామంది, "ఓహో, ఇదేనా" అని ఊరుకుంటారు.

ఇక్కడే ఒక అపోహ తొలగించాలి. "గీకి పూడికంతా తీసేశారట" అని బయట చెప్పుకుంటారు. తీసేయం. తీసేయాలని మొదట్లో ప్రయత్నించారు. పెద్ద పెద్ద గోళీలతో వీలైనంత అరగదీసి, స్టెంటు లేకుండానే పంపించేవారు. కొన్ని నెలలకు మళ్ళీ మూసుకుపోయేవి, మధ్యలో ప్రమాదాలూ ఎక్కువే. ఇప్పుడు మూడు మిల్లీమీటర్ల ధమనికి ఒకటిన్నర మిల్లీమీటర్ల గోళీ చాలంటాం. వలయంలో ఒక గాడి పడితే, అది ఎక్కడో ఒకచోట తెగితే, తర్వాత బెలూను దాన్ని విరుస్తుంది, స్టెంటు విచ్చుకుంటుంది. మిగతా క్యాల్షియం జాలీ వెనక గోడలోనే ఉండిపోతుంది. ఉండిపోయినా ఫర్వాలేదు. పరీక్షల్లో తేలింది కూడా ఇదే: రోటా చేసి స్టెంటు వేస్తే ప్రక్రియ విజయవంతం కావడం పెరిగింది, కానీ రోటా అన్న కారణంగానే తొమ్మిది నెలల తర్వాత ధమని ఎక్కువ తెరిచి ఉందని మాత్రం తేలలేదు. స్టెంటు లోపలికి వెళ్ళి విచ్చుకోవడానికి రోటా దారి చేస్తుంది, అంతవరకే దాని పని.

ప్రమాదాలు చెప్పకపోతే మాట సగమే చెప్పినట్టు. పొడి చిన్న నాళాల్లో చేరి రక్తం పారడం కాసేపు మందగించవచ్చు. కుడి ధమనిలో చేసేటప్పుడు గుండె కొట్టుకోవడం నెమ్మదించి, తాత్కాలిక పేస్‌మేకర్ అవసరం పడవచ్చు. అరుదుగా గోళీ క్యాల్షియంలో ఇరుక్కుపోతుంది, ఇంకా అరుదుగా ధమనికి చిల్లు పడుతుంది. రోటా తరచుగా చేసే చేతికీ, ఏడాదికోసారి చేసే చేతికీ తేడా ఉంటుంది. ఈ పని మీరు తరచుగా చేస్తుంటారా అని డాక్టరును అడగడం అమర్యాదేమీ కాదు. మేము కూడా మా వాళ్ళను పంపేటప్పుడు అదే అడిగి పంపుతాం.

రెండో సాధనం మూత్రపిండాల్లో రాళ్ళ వైద్యం నుంచి వచ్చింది. ఆ కథ ఇంకా వెనక్కి పోతే విమానాల దగ్గరికి చేరుతుంది. జర్మనీలో డోర్నియర్ అనే విమానాల కంపెనీ ఉండేది. ధ్వని కన్నా వేగంగా పోయే విమానం వానలో చిక్కుకుంటే చినుకుల దెబ్బకు దాని ఒంట్లో పుట్టే ఆఘాత తరంగాల గురించి అక్కడి ఇంజనీర్లు పరిశోధించారు. ఈ తరంగాలు మెత్తటి ఒంటిలోంచి పెద్ద హాని చేయకుండా దాటిపోయి, గట్టి పదార్థాన్ని మాత్రం పగలగొడతాయని గమనించి, మ్యూనిక్‌లో వైద్యులతో కలిసి రాళ్ళమీద ప్రయోగించారు. 1980 ఫిబ్రవరి 7న క్రిస్టియన్ షౌసీ అనే యూరాలజిస్టు నాయకత్వంలో మొదటి రోగికి కోత లేకుండా కిడ్నీ రాయిని పగలగొట్టారు. రోగిని నీటి తొట్టిలో ఉంచి చేసేవారు అప్పట్లో. మన ఊళ్ళల్లో కూడా ఇప్పుడు లిథోట్రిప్సీ అంటే తెలియనివాళ్ళు తక్కువ.

అదే ఆలోచనను బెలూనులోకి దూర్చితే వచ్చింది ఐవీఎల్, అంటే నాళం లోపలి లిథోట్రిప్సీ. మా వాడుకలో షాక్‌వేవ్ బెలూను, దాన్ని చేసిన కంపెనీ పేరే అది. బెలూను లోపల చిన్న విద్యుత్ మొనలుంటాయి. ధమనిలో బెలూనును నాలుగు అట్మాస్ఫియర్ల మెల్లటి ఒత్తిడితో ఊది గోడకు ఆనిస్తాం. లోపలి ద్రవంలో నిప్పురవ్వ మెరుస్తుంది, బుడగ పుట్టి పెరిగి పగులుతుంది, దాంతో సుమారు యాభై అట్మాస్ఫియర్ల ధ్వని ఒత్తిడి క్షణంలో వెయ్యోవంతు కూడా ఉండకుండా గోడలోకి పోతుంది. సెకనుకు ఒకటి చొప్పున పది. తర్వాత బెలూను దించి రక్తాన్ని పారనిచ్చి, మళ్ళీ పది. పైపొరలోనే కాదు, లోతుగా ఉన్న క్యాల్షియం కూడా బీటలు వారుతుంది. ముక్కలు రాలి ఎటో పోవు, గోడలోనే ఉంటాయి, వలయం మాత్రం వదులవుతుంది. కొందరిలో ఆ దెబ్బలకు గుండె తానూ ఒక్కో అదనపు స్పందన వేస్తుంది. ఈసీజీలో చూసి కొత్తగా చేరిన నర్సులు కంగారుపడతారు. దెబ్బలు ఆగగానే అదీ ఆగిపోతుంది.

అమెరికాలో దీనికి 2021 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. మన దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లోనూ వాడుకలో ఉంది. రోటా కన్నా నేర్చుకోవడం తేలిక, చేయడం తేలిక. ఈ తేలికే దాని ఆకర్షణ, దాని ప్రమాదం కూడా అదేనని నాకు అనిపిస్తుంది. చేతికందుబాటులో ఉంది కదా అని అవసరం లేనిచోట కూడా వాడేస్తారు. ఒక్క లోపం మాత్రం ఉంది: బెలూను పూడిక దాటి వెళ్ళగలగాలి. దారి సూదిమొన కూడా పట్టనంత ఇరుకైతే ముందు చిన్న గోళీతో రోటా చేసి, ఆ దారిలో షాక్‌వేవ్ పంపుతాం. దీనికి రోటా-ట్రిప్సీ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు మావాళ్ళు.

మూడోది ఆర్బిటల్ పద్ధతి. ఇక్కడ వజ్రపు పూత పూసిన చిన్న కిరీటం తన కక్ష్యలో గిరగిరా తిరుగుతూ గోడను తాకి అరగదీస్తుంది. వేగం ఎంత పెంచితే కక్ష్య అంత వెడల్పవుతుంది. మన దగ్గర దీని వాడకం తక్కువ కనుక వివరాల్లోకి పోను. దీనిమీద జరిగిన ఒక పెద్ద పరీక్ష గురించి మాత్రం చెప్పాలి. ఎక్లిప్స్ అని పేరు. అమెరికాలో తీవ్రంగా క్యాల్షియం పట్టిన రెండు వేల అయిదుగురు రోగుల్ని చీటీ వేసినట్టు రెండుగా విడదీశారు. సగంమందికి ఆర్బిటల్ చేసి స్టెంటు, మిగతా సగానికి మామూలు బెలూన్లతోనే దారి చేసి స్టెంటు. 2024 అక్టోబరులో ఫలితాలు వెల్లడించారు. ఏడాదిలో ఆ ధమనికి సంబంధించిన ఇబ్బందులు మొదటి వర్గంలో నూటికి 11.5, రెండో వర్గంలో 10. అంటే అరగదీయడం వల్ల అదనపు మేలు తేలలేదు.

దీన్ని పట్టుకుని ఈ యంత్రాలన్నీ దండగ అనేవాళ్ళున్నారు. నేనలా అనను. బెలూను దాటనే దాటని పూడికలను ఆ పరీక్షలో చేర్చలేదు, వాటికి వేరే గతి లేదు. దాటే పూడికల్లో మాత్రం ఓపిగ్గా, గట్టి బెలూన్లతో, లోపల చూసుకుంటూ చేస్తే చాలామందికి సరిపోతుందని ఇప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు. అందుకే అందరికీ రోటా అనే డాక్టరునీ, ఎవరికీ అక్కర్లేదనే డాక్టరునీ నేను సమానంగా అనుమానిస్తాను.

స్టెంట్ల మాటలో పడి బైపాస్‌ను మరిచిపోకూడదు. షుగరు ఉండి, ఒకటికి మించి ధమనులు దెబ్బతిన్నవాళ్ళలో స్టెంట్ల కన్నా బైపాస్ చేయించుకున్నవాళ్ళకు మరణాలు, గుండెపోట్లు తక్కువని, పక్షవాతం మాత్రం కొంచెం ఎక్కువని ఫ్రీడమ్ అనే పరీక్ష 2012లోనే తేల్చింది. పైనుంచి కిందిదాకా క్యాల్షియం పట్టిన ధమనిలో వరసగా స్టెంట్లు పరిచే ముందు, సర్జను కూడా ఒకసారి ఫిల్ము చూశారా అని అడగండి. అలా చూసిన తర్వాత వయసు ఎక్కువనో, ఊపిరితిత్తులు బాగాలేవనో సర్జనుగారే స్టెంటు వైపు మొగ్గితే అది వేరే మాట.

ఖర్చు గురించి మాట్లాడకపోతే మీరు నన్ను నమ్మరు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్ళెం వేసింది, మందు పూసినదానికి 29,600 రూపాయలని. తర్వాత అది మారుతూ వచ్చింది. ఈ ఊరట స్టెంటుకే. రోటా గోళీ, షాక్‌వేవ్ బెలూను, లోపల చూసే కాథెటర్ ఆ కళ్ళెం కిందికి రావు. అందుకే బిల్లులో స్టెంటు ధర చూసి ఊపిరి పీల్చుకున్న కుటుంబం, కింది వరసలో ఇంకో అంకె చూసి నివ్వెరపోతుంది. బీమాగానీ ప్రభుత్వ పథకంగానీ ఏయే వస్తువులకు వర్తిస్తుందో బల్లమీదికి ఎక్కకముందే పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రనో, బిల్లింగు కౌంటరులోనో అడగడం మంచిది. 1998లో మన హైదరాబాదు గుండె వైద్యులు సోమరాజుగారు, క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాంగారు కలిసి తక్కువ ధరలో స్టెంటు తయారుచేశారని మీకు గుర్తుండే ఉంటుంది. కలాం-రాజు స్టెంట్ అన్నారు దాన్ని. గోళీలకు, ఈ బెలూన్లకు కూడా అలాంటి పూనిక ఎవరైనా తీసుకుంటే, జిల్లా ఆసుపత్రుల్లో వీటిని వాడలేని పరిస్థితి మారుతుంది.

చివరగా, ఇంటికి వెళ్ళాక సంగతి. స్టెంటు పడినవారు యాస్పిరిన్‌తో పాటు రక్తం పల్చగా ఉంచే ఇంకో మాత్ర డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది. పన్ను పీకించుకోవాలనో, కంటి ఆపరేషననో ఎవరో ఆపమంటే, స్టెంటు వేసిన డాక్టరుకు ఒక ఫోను చేయకుండా ఆపకండి. డిశ్చార్జి కాగితాల్లో స్టెంటు కొలత, ఏ ధమనిలో వేశారు, రోటా చేసుంటే గోళీ సైజు, స్టెంటు పూర్తిగా విచ్చుకున్నట్టు లోపల చూశారా లేదా, ఇవన్నీ రాయించుకోండి. యాంజియో సీడీ కూడా అడిగి తీసుకోండి. అయిదేళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో, ఇంకో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మీ ధమని గురించి ఆయనకు చెప్పగలిగేవి ఆ కాగితాలే.